రెక్కల కష్టం చేసే మనిషికి గుండెపోటా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా ఆయన వయసు 46. ఇరవై ఏళ్లుగా రైసు మిల్లులో బస్తాలు మోస్తున్నారు. ఒంట్లో కొవ్వన్నదే లేదు, మాంసం ఎప్పుడో పండక్కి. సంక్రాంతి ముందు ఒక రాత్రి ఛాతీలో మంట, చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకుని సోడా తాగించాం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ఇంజెక్షన్ చేశారు. తెల్లారి పదింటికి గానీ పెద్దాసుపత్రికి చేరలేదు. గుండెపోటని స్టెంట్ వేశారు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మిల్లు యజమాని గారికి డెబ్బై ఏళ్లు. ఆయనకూ గుండెపోటు వచ్చింది గానీ చలాకీగా తిరుగుతున్నారు. ఇది డబ్బున్నవాళ్ల జబ్బు కదా, మాకెందుకొచ్చింది? మందులకు నెలకు రెండు వేలు దాటుతోందని మా ఆయన రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఫర్వాలేదా? మా అబ్బాయికి 22 ఏళ్లు, వాడికీ వస్తుందా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీరు చివర్లో అడిగిన మందుల సంగతి ముందు చెబుతాను. రోజు విడిచి రోజు వద్దు. స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు మధ్యలో ఆపితే ఆ స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఇవాళ్టి నుంచే రోజూ వేయించండి. ఖర్చు తగ్గాలంటే చీటీ మీద మందుల జనరిక్ పేర్లు, అంటే కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, రాసివ్వమని డాక్టరుగారిని అడిగి, జనఔషధి దుకాణంలో కొనండి. అవే మందులు చాలా తక్కువకు వస్తాయి. అడగడానికి మొహమాటపడకండి. డబ్బుల్లేక మాత్రను సగానికి విరిచి వేసుకున్న ఒకాయన నాకు ఆ మాట చెప్పలేదు. బీపీ ఎందుకు తగ్గడం లేదో తెలియక నేను మందు పెంచుకుంటూ పోయాను. పక్షవాతం వచ్చాక వాళ్లమ్మాయి చెప్పింది. అప్పట్నుంచి ప్రతి రోగినీ 'మందులు కొనగలుగుతున్నారా' అని అడుగుతున్నాను.

ఇక డబ్బున్నవాళ్ల జబ్బన్న మాట. నేను వైద్యం చదివే రోజుల్లో మేమూ అలాగే అనుకున్నాం. 2003-04లో మీ ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 గ్రామాల్లో ఏడాది పాటు జరిగిన మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. మొత్తం 1,354 మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అన్నిటికంటే పెద్ద కారణం అదే.

బస్తా ఎత్తడం వ్యాయామంతో సమానం కాదమ్మా. బరువెత్తిన ప్రతిసారీ బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, తగినంత విశ్రాంతి ఉండదు. ఇంట్లో కూర చాలనప్పుడు ఆవకాయతోనో ఎండుచేపతోనో అన్నం ఎక్కువ తింటాం. ఆ ఉప్పంతా ఒంట్లోకే. బీడీల మాట మీరు రాయలేదు. హమాలీల్లో చాలామంది కాల్చడం చూశాను కాబట్టి అడుగుతున్నాను. మీ వారికి అలవాటుంటే ఈ రోజే మానాలి.

ఇంకో సంగతి చాలామంది నమ్మరు. లండన్‌లో ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ఒక అధ్యయనం మొదలైంది. వాళ్లలో తిండికి లేనివారెవరూ లేరు. అయినా గుండెజబ్బుతో చనిపోవడం పైఅధికారుల కంటే బంట్రోతుల్లో మూడు రెట్లకు పైగా కనబడింది. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కలోకి తీసుకున్నా తేడాలో కొంతే తేలింది. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో, చేసే పని మీద తమ మాట చెల్లని వాళ్లకు గుండెజబ్బు ఎక్కువని తేలింది. అర్ధరాత్రి లారీ వస్తే మీ వారు లేచి వెళ్లాల్సిందే. నాగా పెడితే ఆ రోజు కూలి లేదు. ఏళ్ల తరబడి ఆ టెన్షన్ పడితే గుండె మీదా పడుతుంది.

యజమాని గారికీ మీ వారికీ తేడా ఎక్కడొచ్చిందంటారా? ఆయన ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరారో నాకు తెలియదు. మీ వారికి మాత్రం ఒక రాత్రి గడిచిపోయింది. మూసుకుపోయిన రక్తనాళం తెరిచేదాకా గుండె కండరం గంటగంటకూ చచ్చిపోతూ ఉంటుంది. ఇప్పటి ఆయాసం బహుశా దాని వల్లే. మన దేశంలో 89 ఆసుపత్రుల్లో చేరిన ఇరవై వేల మందికి పైగా గుండె రోగుల వివరాలు 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. నెల తిరక్కుండా చనిపోయినవారు డబ్బున్నవాళ్లలో నూటికి 5.5, పేదల్లో 8.2. అందిన వైద్యాన్ని లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా పోయింది. అంటే డబ్బున్నవాళ్లకు అందిన వైద్యమే అంది ఉంటే, చనిపోయిన ఆ పేదల్లో కొంతమంది బతికేవారు. ఈ లెక్క చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సోడా తాగించినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. చదువుకున్న వాళ్లూ గ్యాస్ అనే అనుకుంటారు. ఇకపై ఛాతీలో మంట గానీ బరువు గానీ, దాంతో పాటు చెమటలు వస్తే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికే తీసుకెళ్లండి. గుండె పంపింగ్ ఎంతుందో ఎకో పరీక్షలో తెలుస్తుంది. అది చూసి డాక్టరుగారు సరేననేదాకా బస్తా ఎత్తనివ్వకండి. మిల్లులో కాటా దగ్గర పని ఇవ్వమని యజమాని గారిని మీరే వెళ్లి అడగండి. ఆయనకూ ఆ నొప్పి తెలుసు కదా.

అబ్బాయి సంగతి. తండ్రికి 55 ఏళ్లలోపే వచ్చింది కాబట్టి అబ్బాయికి ముప్పు కొంత ఎక్కువే. వచ్చి తీరుతుందని కాదు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. కొలెస్ట్రాల్ కూడా ఒకసారి చూపించండి. అబ్బాయితో పాటు మీరూ వెళ్లండి. ఆ ఇంట్లో అదే ఉప్పు మీరూ తింటున్నారు. కట్టెల పొయ్యి ఉంటే ఆ పొగ అందరికంటే మీకే ఎక్కువ. ఇద్దరి బీపీ అంకెలూ కాగితం మీద రాసి నాకు పంపండి, చూసి చెబుతాను.