ఆర్‌పీజీ నుంచి వెబ్ సర్వీసులు: ప్రశ్నలు, జవాబులు

(ఆర్‌పీజీ అంటే ఐబీఎం ఐ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద వాడే ప్రోగ్రామింగ్ భాష. దాని ఆప్‌కోడ్‌లు అంటే ఆదేశాలు, ఆప్షన్లు, ఎలిమెంట్ల పేర్లు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇచ్చాం. ‘పర్సెంట్’ అంటే % గుర్తు, ‘స్టార్’ అంటే * గుర్తు. ప్రోగ్రాంలో ఎప్పటిలాగే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసుకోండి.)

ప్రశ్న: ఆర్డర్ల వివరాలు బయటి వెబ్ సర్వీసు నుంచి తెచ్చుకోవాలి. ఐబీఎం ఐ మీద ఆర్‌పీజీ ప్రోగ్రామే నేరుగా కాల్ చేయగలదా? మధ్యలో జావా తప్పదా?

జావా అక్కర్లేదు. మీ ముందు రెండు మంచి దారులున్నాయి. ఒకటి స్కాట్ క్లెమెంట్ ఆర్‌పీజీలోనే రాసి ఉచితంగా ఇచ్చిన హెచ్‌టీటీపీ ఏపీఐ. రెండోది ఎస్‌క్యూఎల్‌లో ఉన్న క్యూసిస్2 హెచ్‌టీటీపీ_గెట్, హెచ్‌టీటీపీ_పోస్ట్ ఫంక్షన్లు. ఇవి ఐబీఎం ఐ 7.4 రిలీజ్‌లో టీఆర్5, 7.3లో టీఆర్11 అనే అప్‌డేట్లతో వచ్చాయి. వీటికంటే ముందు సిస్‌టూల్స్‌లో ఉన్న పాత ఫంక్షన్లు జావా మీద నడుస్తాయి. జాబ్‌లో మొదటి కాల్‌కు జావాను నడిపే జేవీఎం లేవాలి కాబట్టి నత్తనడక. కొత్తగా రాసేటప్పుడు వాటి జోలికి పోకండి.

రిలీజ్ కొత్తదైతే ఎస్‌క్యూఎల్ దారే తేలిక. అయితే ఉత్త పోస్ట్ కాకుండా ‘వెర్బోస్’ రకం వాడండి. జవాబుతోపాటు హెడర్లూ, వాటిలో హెచ్‌టీటీపీ స్టేటస్ కోడూ ఒకే వరుసలో చేతికొస్తాయి. సోప్ సర్వీసు (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో మాట్లాడేది) తప్పు చెప్పేటప్పుడు 500 కోడ్‌తో ఫాల్ట్ అనే సందేశం పంపుతుంది, అసలు కారణం ఆ ఫాల్ట్ లోపలే ఉంటుంది. స్టేటస్ చూడకుండా నేరుగా పార్సింగ్‌కు, అంటే ఎక్స్‌ఎంఎల్‌ను విడదీసి చదవడానికి దిగితే ఏం జరిగిందో తెలియదు.

జవాబును ఎస్‌క్యూఎల్‌టైప్ క్లాబ్ (పెద్ద పాఠం పట్టే రకం) వేరియబుల్‌లోకి తీసుకుంటే కంపైలర్ దాన్ని రెండు ముక్కలు చేస్తుంది: పేరు చివర ‘_లెన్’ ఉన్నదాంట్లో పొడవు, ‘_డేటా’ ఉన్నదాంట్లో అక్షరాలు. డేటాను ఎప్పుడూ ఆ పొడవు మేరకే సబ్‌స్ట్‌తో కోసి వాడండి. లేదంటే వెనకటి కాల్ తాలూకు తోక కొత్త ఎక్స్‌ఎంఎల్ చివర వేలాడి, రూట్ ఎలిమెంట్ ముగిశాక ఇంకేదో ఉందని పార్సర్ గొడవ చేస్తుంది.

ప్రశ్న: నా ప్రొఫైల్‌తో కాల్ చక్కగా వెళ్తోంది. అదే ప్రోగ్రాం రాత్రి బ్యాచ్ జాబ్‌లో సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతోంది. ఎందుకు?

మీకు ఆల్ ఆబ్జెక్ట్ అధికారం (సిస్టమ్‌లో దేన్నైనా తెరిచే హక్కు) ఉండి ఉంటుంది, బ్యాచ్ యూజర్‌కు లేదు. క్యూసిస్2 ఫంక్షన్లు మామూలుగా సిస్టమ్ సర్టిఫికెట్ స్టోర్‌ను వాడతాయి. క్యూఐబీఎం కింద యూజర్‌డేటా, ఐసీఎస్‌ఎస్, సర్ట్, సర్వర్ డైరెక్టరీల్లో ఉండే డీఫాల్ట్.కేడీబీ ఫైలు అది. జాబ్ నడిపే యూజర్‌కు ఆ ఫైలు చదివే అనుమతి, దారిలోని డైరెక్టరీలన్నిటికీ ఎక్స్ (లోపలికి వెళ్లే) అనుమతి ఉండాలి. అంత తెరవడం ఇష్టం లేకపోతే హెచ్‌టీటీపీ ఏపీఐ వాడి, డిజిటల్ సర్టిఫికెట్ మేనేజర్‌లో ఒక క్లయింట్ అప్లికేషన్ ఐడీ రిజిస్టర్ చేసి దాని ద్వారా వెళ్లండి. అలా వెళ్తే యూజర్‌కు స్టోర్ ఫైలు మీద అనుమతి అవసరం లేదు.

అందరికీ ఆగిపోతుంటే కారణం వేరు. సర్టిఫికెట్ మీద సంతకం చేసిన అథారిటీ మీ స్టోర్‌లో లేకపోవచ్చు. లేదా అవతలివాళ్లు టీఎల్‌ఎస్ 1.2 కింద దేన్నీ ఒప్పుకోకపోవచ్చు, అప్పుడు మీ సిస్టమ్ ఏ టీఎల్‌ఎస్ వెర్షన్లు వాడవచ్చో చెప్పే క్యూఎస్‌ఎస్‌ఎల్‌పీసీఎల్ సిస్టమ్ వాల్యూ చూడండి. సర్టిఫికెట్ లోపాలను చూసీచూడనట్టు వదిలే ‘ఎస్‌ఎస్‌ఎల్ టాలరేట్’ ఆప్షన్ పెడితే పని జరిగిపోతుందని ఎవరో ఒకరు చెబుతారు. పరీక్షకు సరే, ప్రొడక్షన్‌లో అది తలుపు తీసిపెట్టి తాళం జేబులో వేసుకున్నట్టే.

ప్రశ్న: వచ్చిన ఎక్స్‌ఎంఎల్‌ను డేటా స్ట్రక్చర్‌లో నింపే ఎక్స్‌ఎంఎల్-ఇంటూ ఒకరోజు 351 స్టేటస్‌తో, ఒకరోజు 353తో పడిపోతోంది. డేటా స్ట్రక్చర్‌ను పదిసార్లు సరిచూశాను. తప్పెక్కడ?

ఈ రెండూ వేర్వేరు జబ్బులు. 351 అంటే వచ్చింది సరైన ఎక్స్‌ఎంఎల్ కాదని పార్సర్ చెబుతోంది. 353 అంటే ఎక్స్‌ఎంఎల్ బాగానే ఉంది, మీ డేటా స్ట్రక్చర్‌తో పొసగలేదు. కాబట్టి 351 వచ్చిన రోజు డేటా స్ట్రక్చర్‌ను ఎన్నిసార్లు చూసినా ఫలితం ఉండదు.

351 సంగతి ముందు చూద్దాం. వచ్చిన జవాబును పార్స్ చేసే ముందే ఐఎఫ్‌ఎస్‌లో (ఐబీఎం ఐ ఫైల్ సిస్టమ్‌లో) ఫైలుగా దాచండి. డీఎస్‌పీఎఫ్‌తో తెరిచి ఎఫ్10 నొక్కి హెక్స్‌లో మొదటి బైటు చూడండి. యూటీఎఫ్-8లో ‘<’ గుర్తు 3సీ, ఐబీఎం సొంత అక్షర కోడ్ అయిన ఎబ్సిడిక్‌లో 4సీ. తర్వాత డబ్ల్యూఆర్‌కేలింక్‌లో ఆప్షన్ 8తో ఫైలు సీసీఎస్‌ఐడీ (అక్షరాలు ఏ కోడ్‌లో ఉన్నాయో చెప్పే ట్యాగ్ నంబరు) చూడండి. బైటు 3సీ ఉండి సీసీఎస్‌ఐడీ 37 (ఎబ్సిడిక్) అని ఉంటే ట్యాగ్ తప్పు. సీహెచ్‌జీఏటీఆర్ కమాండుతో 1208 (యూటీఎఫ్-8)గా మార్చండి. ఆ కమాండు ట్యాగ్‌నే మారుస్తుంది, లోపలి బైట్లను ముట్టుకోదు. బైటు 4సీ ఉండి ట్యాగ్ 1208 అయితే ఫైలు రాసేటప్పుడే ఎక్కడో మార్పిడి జరిగిపోయింది, రాసే చోట సరిచేయాలి. ట్యాగ్ బాగుండీ 351 వస్తుంటే మొదటి వరుస చదవండి: ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్‌కు ముందు ఒక్క ఖాళీ ఉన్నా తప్పే. అక్కడ హెచ్‌టీఎంఎల్ పేజీ కనిపిస్తే మధ్యలోని ప్రాక్సీయో, సర్వరో పంపిన ఎర్రర్ పేజీ అన్నమాట. ‘ఒకరోజు ఇలా, ఒకరోజు అలా’ అన్నారు కాబట్టి మీది ఇదే కావచ్చు.

ఇక 353. ఇలాంటి జవాబు వచ్చిందనుకుందాం:

<సోప్:ఎన్వలప్>
<సోప్:బాడీ>
<ఆర్డర్ నంబర్="1042">
<ఐటెం><కోడ్>77</కోడ్><ధర కరెన్సీ="యూరో">125.50</ధర></ఐటెం>
<ఐటెం><కోడ్>81</కోడ్><ధర కరెన్సీ="యూరో">9.00</ధర></ఐటెం>
</ఆర్డర్>
</సోప్:బాడీ>
</సోప్:ఎన్వలప్>

దీన్ని చదవడానికి పర్సెంట్ ఎక్స్‌ఎంఎల్ రెండో పారామీటర్ ఇలా ఉండాలి:

‘డాక్=ఫైల్ పాత్=ఎన్వలప్/బాడీ/ఆర్డర్ కేస్=ఎనీ ఎన్‌ఎస్=రిమూవ్ కౌంట్‌ప్రిఫిక్స్=నమ్_ డేటాసబ్‌ఎఫ్=విలువ’

పాత్ ఇవ్వకపోతే రూట్ ఎలిమెంట్ పేరే మీ వేరియబుల్ పేరనుకుంటుంది, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కేస్ ఇవ్వకపోతే పేర్లన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నాయనుకుంటుంది. ఆర్‌పీజీ పేర్లలో కోలన్ పట్టదు కాబట్టి ‘సోప్:’ లాంటి ముందుమాటలను ఎన్‌ఎస్=రిమూవ్ తీసేస్తుంది. ధరకు లోపల అంకె, పక్కన కరెన్సీ రెండూ ఉన్నాయి. అందుకని ధరను చిన్న డేటా స్ట్రక్చర్‌గా పెట్టి, అందులో ‘కరెన్సీ’, ‘విలువ’ అని రెండు సబ్‌ఫీల్డులు ఇవ్వాలి. అంకె ఏ సబ్‌ఫీల్డులోకి వెళ్లాలో డేటాసబ్‌ఎఫ్ చెబుతుంది. పేర్లలో హైఫన్లుంటే కేస్=కన్వర్ట్ వాడండి, వాటిని అండర్‌స్కోర్‌లుగా మారుస్తుంది.

ఐటెంను 50 వరుసల అర్రేగా పెట్టారనుకోండి. వచ్చినవి రెండే అయితే, మామూలుగా 353 పడుతుంది. దీనికి చాలామంది అలౌమిస్సింగ్=యెస్ (లోటున్నా సరే), అలౌఎక్స్‌ట్రా=యెస్ (అదనంగా ఉన్నా సరే) రెండూ కలిపి పెట్టేస్తారు. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు మీకు కాపలా కూడా పోతుంది. సర్వీసువాళ్లు రేపు ‘ధర’ పేరును ‘రేటు’గా మారిస్తే ప్రోగ్రాం చప్పుడు చేయకుండా సున్నా ధరతో ఆర్డర్లు ఎక్కిస్తుంది. దానికి బదులు డేటా స్ట్రక్చర్‌లో ‘నమ్_ఐటెం’ అనే అంకె సబ్‌ఫీల్డు పెట్టండి. ఎన్ని ఐటెంలు వచ్చాయో అందులో పడుతుంది, లోటును ‘ఐటెం’ ఒక్కదానికే మన్నిస్తుంది, మిగతావాటి మీద కాపలా అలాగే ఉంటుంది. అలౌఎక్స్‌ట్రా మాత్రం మాకు సమ్మతమే, ఎందుకంటే సర్వీసులు కొత్త ఎలిమెంట్లు కలుపుతూనే ఉంటాయి. ప్రతి ఎక్స్‌ఎంఎల్-ఇంటూకు ముందు డేటా స్ట్రక్చర్‌ను క్లియర్ చేయడం మరవకండి, లేకపోతే పాత ఆర్డర్ విలువలు కొత్తదాంట్లో మిగిలిపోతాయి.

అంకెల మీద అనుమానముంటే క్యారెక్టర్ సబ్‌ఫీల్డులోకి తీసుకుని, మానిటర్ (ఎర్రర్లను పట్టుకునే బ్లాక్) లోపల పర్సెంట్ డెక్‌తో అంకెగా మార్చండి. ‘1,250.00’ లాంటి కామా అంకెలు నేరుగా వస్తే 105 స్టేటస్‌తో పడతాయి.

ప్రశ్న: ఎక్స్‌ఎంఎల్‌ను ముక్కలుగా అందించే ఎక్స్‌ఎంఎల్-శాక్స్‌తో చదువుతుంటే ‘పెన్ & ఇంక్’ అనే పేరు ‘ఇంక్’ అని మాత్రమే వస్తోంది.

మీ హ్యాండ్లర్ (ముక్క వచ్చినప్పుడల్లా, అంటే ప్రతి ఈవెంట్‌కూ శాక్స్ కాల్ చేసే ప్రొసీజర్) ప్రతి అక్షరాల ఈవెంట్‌కూ వేరియబుల్‌ను కొత్తగా నింపుతోంది. ఎలిమెంట్ లోపలి పాఠం ఒకే ముక్కలో వస్తుందని శాక్స్ ఎక్కడా మాటివ్వదు. ఈ పేరుకు మూడు ఈవెంట్లు వస్తాయి: ‘పెన్ ’ కోసం స్టార్ ఎక్స్‌ఎంఎల్_క్యార్స్, ‘&’ కోసం స్టార్ ఎక్స్‌ఎంఎల్_ప్రీడెఫ్_రెఫ్, ‘ ఇంక్’ కోసం మళ్లీ క్యార్స్. స్టార్ట్_ఎలిమెంట్‌లో వేరియబుల్‌ను ఖాళీ చేయండి, ఈ ఈవెంట్లన్నిటిలో చివర అతికిస్తూ పోండి, ఎండ్_ఎలిమెంట్‌లో వాడండి. వేరియబుల్ వేరీయింగ్ (పొడవు మారే) రకమై ఉండాలి. వచ్చే పాయింటర్ దగ్గర ఎన్ని బైట్లున్నాయో పక్క పారామీటర్ చెబుతుంది, అంతకుమించి ఒక్క బైటు చదివినా చెత్త వస్తుంది.

ఫైలు పెద్దదని మాత్రమే శాక్స్‌కు వెళ్లి ఉంటే, ఎక్స్‌ఎంఎల్-ఇంటూకే పర్సెంట్ హ్యాండ్లర్ తగిలించండి. అర్రే సైజు వంద అయితే, వందేసి ఐటెంలను అందులో నింపి మీ ప్రొసీజర్‌ను కాల్ చేస్తుంది, ఎన్నున్నాయో చెబుతుంది. చివరి విడతలో వందకంటే తక్కువ రావచ్చు. కొనసాగాలంటే సున్నా రిటర్న్ చేయాలి.

ప్రశ్న: మేం పంపే రిక్వెస్ట్‌లో సీడేటా (లోపలి గుర్తులను ఉత్త అక్షరాలుగానే తీసుకోమనే ఎక్స్‌ఎంఎల్ భాగం) ఉంది. ఒక మెషీన్ నుంచి బాగానే వెళ్తోంది, మరో మెషీన్ నుంచి పంపితే ఎక్స్‌ఎంఎల్ చెల్లదని సర్వీసు తిప్పికొడుతోంది.

సీడేటా ‘<![’తో మొదలై ‘]]>’తో ముగుస్తుంది. ఎబ్సిడిక్‌లో సీసీఎస్‌ఐడీని బట్టి మారిపోయే గుర్తులు ఈ ఆశ్చర్యార్థకం, చదరపు బ్రాకెట్లే. హెక్స్ 5ఏ అనే ఒకే బైటు సీసీఎస్‌ఐడీ 37లో ‘!’, 500లో ‘]’. 37లో ‘[’ బీఏ, 500లో అదే 4ఏ. సోర్సు ఒక సీసీఎస్‌ఐడీలో కంపైలై, జాబ్ మరోదాంట్లో నడుస్తోంది. రెండు మెషీన్లలోనూ జాబ్ సీసీఎస్‌ఐడీ చూడండి. 65535 అని ఉంటే ‘మార్పిడి వద్దు’ అని అర్థం. జాబ్‌కు సరైన విలువ ఇవ్వండి.

అసలు సీడేటాయే మానేయొచ్చు. డేటాలోని ప్రత్యేక గుర్తులను స్కాన్‌రిప్ల్‌తో ఎస్కేప్‌లుగా (వాటి బదులు రాసే కోడ్‌లుగా) మార్చి మామూలుగా పంపితే సరిపోతుంది. ముందు ‘&’ని మార్చాలి, తర్వాతే ‘<’, ‘>’. వరుస తిరగబడితే ‘<’ కోసం మీరు పెట్టిన ఎస్కేప్‌లోని ‘&’ కూడా మరోసారి మారిపోతుంది.

ప్రశ్న: టైమౌట్ వస్తే లూప్ పెట్టి మూడుసార్లు పంపుతున్నాం. ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదవుతోంది.

టైమౌట్ అంటే జవాబు రాలేదని అర్థం, రిక్వెస్ట్ చేరలేదని కాదు. హెచ్‌టీటీపీ ఏపీఐలో మామూలుగా 60 సెకన్లు. అవతలి సర్వర్ 61వ సెకనులో ఆర్డర్ ఎక్కించి ఉండొచ్చు. గెట్‌ను మళ్లీ పంపితే నష్టం లేదు. పోస్ట్‌కైతే ప్రతి ఆర్డర్‌కూ మీ వైపు నుంచే ఒక ప్రత్యేక నంబరు పెట్టి, పంపేముందే దాన్ని ఒక టేబుల్‌లో రాసి కమిట్ చేయండి. మళ్లీ పంపేటప్పుడు అదే నంబరు వెళ్లాలి. ఆ నంబరుతో రెండోసారి వచ్చినదాన్ని సర్వీసు గుర్తుపట్టగలదో లేదో ముందే కనుక్కోండి. గుర్తుపట్టలేకపోతే లూప్ తీసేసి, తేలని ఆర్డర్లను ఎంక్వైరీ కాల్‌తో చూశాకే తిరిగి పంపండి.