ఉలవలు ఉడకవు, పాయా గడ్డకట్టదు: వంటింటి ప్రశ్నలు, జవాబులు

కార్తీకం ముసురు మొదలైన దగ్గర్నుంచి ఉత్తరాలన్నీ సూపుల మీదే. మన వైపు చలంటే గడ్డకట్టే చలేమీ కాదు. వాయుగుండం పట్టిన నాలుగు రోజుల తడి, పుష్యమాసంలో తెల్లవారుజామున కురిసే మంచు, అంతే. అయినా ఆ నాలుగు రోజులూ కడుపులోకి వేడిగా, చిక్కగా ఏదో ఒకటి పడాలి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆ చిక్కదనం గురించే.

ప్రశ్న: ఉలవలు రాత్రంతా నానబెట్టి, కుక్కర్లో పదిహేను విజిల్స్ రానిచ్చినా గింజ పలుకుగానే ఉంటోంది. కట్టు నీళ్ళలా వస్తోంది. చింతపండు రసం ముందే పోసి ఉడికిస్తాను. మాకున్నది బోరు నీళ్ళే. తప్పెక్కడండీ?
– ఒక పాఠకురాలు, పొదిలి

జవాబు: తప్పులు రెండూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. ఒకటి బోరు నీళ్ళు, రెండోది ముందే పోసిన చింతపండు. గింజలో కణాలను పట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురు పదార్థం. అది కరిగితేనే గింజ మెత్తబడుతుంది. చవ్వగా ఉండే బోరు నీళ్ళలోని కాల్షియం ఆ జిగురును బిగించేస్తుంది. పులుపు తగిలితే అది కరగనే కరగదు. ఈ రెండూ కలిసినప్పుడు పదిహేను కాదు, పాతిక విజిల్స్ వచ్చినా అంతే.

ఇలా చేసి చూడండి. పావు కిలో ఉలవల్లో రాళ్ళు ఏరి, కడిగి, లీటరు నీళ్ళలో రెండు టీస్పూన్ల ఉప్పు కలిపి 12 గంటలు నానబెట్టండి. ఉప్పులోని సోడియం గింజ తొక్కలోని కాల్షియం స్థానంలోకి చేరుతుంది, తొక్క సడలుతుంది. ఆ నీళ్ళు పారబోసి, గింజలను ఒకసారి కడగండి. ఐదు లీటర్ల కుక్కర్లో రెండు లీటర్ల నీళ్ళు పోసి ఉలవలు వేయండి. నీళ్ళు మాత్రం ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ నీళ్ళే వాడండి. కుక్కరు సగానికి మించి నిండకూడదు, గింజల నురగ విజిల్‌కు అడ్డం పడుతుంది. మొదటి విజిల్ పెద్ద మంట మీద రానిచ్చి, తర్వాత సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉంచండి. విజిల్స్ లెక్కపెట్టే పని లేదు, గడియారం చూస్తే చాలు.

ఆవిరి దానంతట అది దిగాక ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలపండి. వెన్నలా నలిగితే అయినట్టే. కట్టు వేరే గిన్నెలోకి వంచుకోండి. ఉడికిన ఉలవలు ఒక కప్పు తీసి, కొంచెం కట్టు పోసి మెత్తగా రుబ్బి, జల్లెడలో వడకట్టి మళ్ళీ కట్టులో కలపండి. చిక్కదనం ఇక్కడ వస్తుంది. చాలామంది ఈ పని మానేసి కట్టును గంటలకొద్దీ మరిగిస్తారు. అప్పుడు చిక్కబడటం కంటే అడుగంటడమే ఎక్కువ. లీటరుకు దిగేదాకా మరగనిచ్చి, ఇప్పుడు చిన్న నిమ్మకాయంత చింతపండు రసం, ఉప్పు, గోళీకాయంత బెల్లం వేసి పది నిమిషాలు ఉంచండి. నేతిలో ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, ఆరు దంచిన తెల్లగడ్డ పాయలు, కరివేపాకుతో తిరగమాత. నలుగురికి సరిపోతుంది. మిగిలిన ఉలవలు గుగ్గిళ్ళు చేసుకోండి.

వేరే నీళ్ళు దొరకకపోతే పావు కిలోకు రెండు చిటికెల తినే సోడా వేయొచ్చు. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. ఇంత చేసినా ఉడక్కపోతే ఉలవలు పాతవని అర్థం. ఏడాది దాటి, అందులోనూ రేకుల షెడ్డు వేడికి ఉన్న గింజ మెత్తబడటం కష్టం. నానాక కూడా చిన్నగా, ముడుచుకుని ఉన్న గింజలు కనిపిస్తే ఏరి పారేయండి.

ఇంకో మాట. కనిగిరి, పొదిలి వైపు బోర్లలో ఫ్లోరైడ్ సమస్య ఉంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. సూపంటేనే నీళ్ళు ఇగరబెట్టడం కాబట్టి ఈ ఒక్క వంటకైనా బోరు నీళ్ళు వద్దు.

ప్రశ్న: ఆదివారం మేక కాళ్ళు తెచ్చి పాయా సూప్ పెడతాను. ఒకసారి బాగుంటుంది, ఒకసారి నీచు వాసన. చల్లారితే గడ్డకట్టాలంటారు, మాది ఎప్పుడూ గడ్డకట్టదు. కుక్కర్లో ఆరు విజిల్స్ రాగానే దించేస్తాను.
– నెల్లూరు, మూలాపేట పాఠకుడు

జవాబు: ముందు నీచు సంగతి. అది కాలి లోపలిది కాదు, పైన మిగిలిన బొచ్చుది, గిట్టల మధ్య మురికిది. కొట్లో కాల్చి ఇచ్చారు కదా అని నమ్మకండి. ఇంటికి తెచ్చాక స్టవ్ మంట మీద మళ్ళీ ఒకసారి తిప్పి, కత్తితో నల్లటి పొర గీకేయండి. ముక్కలకు పసుపు, ఉప్పు, రెండు గుప్పిళ్ళ బియ్యప్పిండి పట్టించి గట్టిగా రుద్ది, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. తర్వాత ముక్కలు మునిగేలా నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మరిగిస్తే బూడిదరంగు తెట్టు పైకి వస్తుంది. ఆ నీళ్ళు పారబోయండి. సారమంతా పోతుందని భయపడతారు గానీ ఐదు నిమిషాల్లో పోయేది మురికీ రక్తమే. సారం రావడానికి గంటలు పడుతుంది.

గడ్డకట్టకపోవడం కూడా అందుకే. కాళ్ళలో కండ తక్కువ, నరాలు, తోలు ఎక్కువ. వాటిలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ వేడికి నిదానంగా జెలటిన్‌గా మారుతుంది. చల్లారాక గడ్డకట్టేది అదే, వేడిగా తాగేటప్పుడు పెదాలకు జిగటగా తగిలేదీ అదే. ఆరు విజిల్స్ అంటే పావుగంటో ఇరవై నిమిషాలో. దానికి అది చాలదు.

నాలుగు కాళ్ళ ముక్కలకు రెండు లీటర్ల నీళ్ళు పోయండి. రెండు ఎర్రగడ్డలు సగానికి కోసినవి, రెండంగుళాల అల్లం దంచినది, ఎనిమిది తెల్లగడ్డ పాయలు, చిన్న దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, ఒక టీస్పూన్ ఉప్పు వేయండి. మొదటి విజిల్ తర్వాత సన్నని సెగ మీద పూర్తిగా గంట. ముదురు మేకైతే ఇంకో అరగంట. మామూలు దబరలో పెడితే మూడున్నర గంటల నుంచి నాలుగు గంటలు పడుతుంది. మూత ఓరగా పెట్టి, ఒకటీ అరా బుడగ మాత్రమే పైకి వచ్చేంత మంట మీద ఉంచాలి. కుతకుతలాడించారంటే కొవ్వు నీళ్ళలో చిలికినట్టయి సూప్ సున్నంనీళ్ళలా తెల్లబారుతుంది. అలా ఇష్టపడేవాళ్ళూ ఉన్నారు, అది తప్పేం కాదు. తేటగా కావాలంటే మాత్రం తొందర పనికిరాదు.

మిరియాలు మాత్రం మొదట్లో వేయకండి. గంట ఉడికితే కారం మిగులుతుంది గానీ సువాసన ఆవిరితో పోతుంది. టేబుల్‌స్పూన్ మిరియాలు, టీస్పూన్ జీలకర్ర, రెండు టీస్పూన్ల ధనియాలు వేయించి కచ్చాపచ్చాగా దంచి, దించే ముందు ఐదు నిమిషాలు మరగనివ్వండి. ఉప్పు చివర్లో సరిచూసుకోండి.

గడ్డకట్టిందో లేదో తెలుసుకోవడానికి చల్లార్చి, రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లారి గిన్నె వంచి చూడండి. కదలకుండా ఉంటే సరిగ్గా వచ్చింది. పైన పేరిన తెల్లటి కొవ్వును స్పూన్‌తో బిళ్ళలా ఎత్తేయొచ్చు. గడ్డకట్టలేదంటే నీళ్ళు ఎక్కువయ్యాయి, మూత తీసి మూడో వంతు ఇగరబెట్టండి.

ప్రశ్న: అత్తయ్యగారికి మణికట్టు విరిగింది. బంధువులంతా రోజూ ఎముకల సూప్ పెట్టమంటున్నారు. దాంతో ఎముక త్వరగా అతుకుతుందా?
– కోవూరు

జవాబు: ఎముకలో కాల్షియం ఉంది, సూపులోకి దిగేది మాత్రం చాలా తక్కువ. ఒక గ్లాసు పాలలోనే అంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఆమెకు రుచిగా ఉంటే, ఆకలి లేనప్పుడు నాలుగు ముద్దలు దిగడానికి సాయపడితే పెట్టండి. కాల్షియం కోసమైతే రాగులు మేలు, 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఆ సూపులోనే టేబుల్‌స్పూన్ రాగిపిండి చల్లటి నీళ్ళలో కలిపి పోసి, ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. పొడి పిండి వేడి సూపులో వేస్తే ఉండలు కడుతుంది. బీపీ ఉంటే ఉప్పు తగ్గించండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపకండి.

ప్రశ్న: చెరువు రొయ్యలు కొన్నప్పుడల్లా తలలు, పెంకులు పారేస్తున్నాం. సూప్ చేయొచ్చంటే చేశాను. గంటసేపు మరిగిస్తే చేదుగా, సుద్దముక్క రుచితో వచ్చింది.
– అల్లూరు

జవాబు: కాళ్ళ సూప్ లెక్క దీనికి వర్తించదు. రొయ్య పెంకు 20 నిమిషాల్లో ఇవ్వాల్సిందంతా ఇచ్చేస్తుంది, ఆ తర్వాత దిగేది సుద్ద రుచే. అరకిలో రొయ్యలకు దాదాపు 200 గ్రాముల తలలు, పెంకులు వస్తాయి. తలలో కళ్ళ వెనక ఉండే నల్లటి సంచి తీసేయండి, చేదు అక్కడిదే. ముక్కు ముల్లు కత్తిరించండి. టేబుల్‌స్పూన్ నూనెలో పెంకులను నాలుగైదు నిమిషాలు వేయిస్తే నూనె నారింజ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు రాకుండా నీళ్ళు పోయకండి. లీటరు నీళ్ళు, రెండు టేబుల్‌స్పూన్ల బియ్యం, పచ్చిమిరపకాయ ఒకటి వేసి 20 నిమిషాలు ఉడికించి, గరిటెతో నలుపుతూ వడకట్టండి. మెత్తబడ్డ బియ్యం జల్లెడలోంచి దిగి చిక్కదనం ఇస్తుంది. వలిచిన రొయ్యలు చివర్లో వేసి, రంగు మారగానే, అంటే రెండు మూడు నిమిషాలకే, దించేయండి. నిమ్మరసం కంచం దగ్గర. ఎండ్రకాయ డొక్కలతోనూ ఇలాగే చేయొచ్చు, కాకపోతే డొక్కలు చితక్కొట్టి వేయాలి. తలలు అమోనియా వాసన కొడితే మాత్రం ఏ మసాలా వేసినా వృథా.

ప్రశ్న: పిల్లల కోసం టమాటా సూపులో పాలు పోస్తే విరిగిపోతోంది.
– ఒంగోలు

జవాబు: నాటు టమాటా పులుపు ఎక్కువ, మరుగుతున్న దాంట్లో పాలు పోస్తే విరగకుండా ఎలా ఉంటుంది? అరకిలో టమాటాలకు గ్లాసు పాలలో రెండు టీస్పూన్ల బియ్యప్పిండి కలిపి, విడిగా చిక్కబడేదాకా కాచుకోండి. పిండి పాలను కొంత కాపాడుతుంది. స్టవ్ ఆపేసి, టమాటా గుజ్జును ఆ పాలలోకి కొంచెం కొంచెంగా పోస్తూ కలపండి, గుజ్జులోకి పాలు కాదు. కలిపాక మళ్ళీ మరిగించొద్దు. అసలు మా సలహా పాలు మానేయమనే. గుప్పెడు పెసరపప్పు, ఒక క్యారెట్ టమాటాలతో కలిపి కుక్కర్లో ఉడికించి మెత్తగా రుబ్బండి. పాలు పోసినంత నున్నగా వస్తుంది, పిల్లల కడుపూ నిండుతుంది. టమాటా పులుపుకు పప్పు కాస్త ఆలస్యంగా ఉడుకుతుంది, అరగంట ముందు నానబెట్టండి.

ప్రశ్న: చలికాలమే కదా అని రాత్రి చేసిన కోడి సూప్ స్టవ్ మీదే వదిలేశాం. పొద్దున మరిగించి తాగితే ఇద్దరికి విరేచనాలు. మరిగించినా ఎందుకలా అయింది?
– కావలి

జవాబు: మన చలి సూపుకు చలి కాదు. కోస్తాలో జనవరి రాత్రి కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా పెరుగుతుంది. పెద్ద గిన్నెలో మూతపెట్టిన సూపు గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. కొన్నిరకాల బ్యాక్టీరియా బీజాలు మరిగినా చావవు, కొన్ని వదిలిన విషం మరిగించినా పోదు. అందుకే పొద్దున మరిగించడంతో సరిపోదు.

వండిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి చేరాలి. వెడల్పు గిన్నెల్లో రెండంగుళాల లోతుకు పోసి, చల్లటి నీళ్ళ టబ్బులో పెట్టి తిప్పితే అరగంటలో చల్లారుతుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. తుపాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలదాకా ఫర్వాలేదు. ఆ పైన ఉన్న మాంసం సూపును వాసన చూసి నిర్ణయించకండి, పారబోయండి. వాయుగుండం అని వినగానే పూటకు సరిపడా చేసుకోవడమే మంచిది.

ప్రశ్న: సూపులో ఉప్పెక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే పీల్చేస్తుందా?
– బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: ఆ దుంప ఉప్పు నీళ్ళు పీలుస్తుంది, ఉప్పును మాత్రమే కాదు. దుంప తీసేశాక మిగిలిన సూపు అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పులేని వేడినీళ్ళు ఒక గ్లాసు పోసి, పలచబడిన మేరకు చిక్కబడేలా, విడిగా ఉడికించి రుబ్బిన పప్పో బియ్యమో కలపండి.