టెక్ సందేహాలు: కస్టమ్ రోమ్ వేసే ముందు బ్యాకప్ తంటాలు

ప్రశ్న: సర్, నా ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసింది. లీనియేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ (ఫోన్ కంపెనీ కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) వేసుకుందామని ఉంది. యాప్‌లన్నీ లాగిన్‌లతో సహా బ్యాకప్ తీసుకుని, తర్వాత ఉన్నవి ఉన్నట్టు పెట్టుకోవడం ఎలా? ‘రూట్ చేస్తే అంతా వచ్చేస్తుంది’ అని అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒకాయన చెప్పాడు. నిజమేనా?
- డిగ్రీ విద్యార్థి, మల్కాజిగిరి

జవాబు: నిజమే, కానీ సగమే చెప్పాడు. యాప్‌ల లోపలి డేటా మామూలుగా మన చేతికి అందదు, రూట్ ఉంటేనే అందుతుంది. రూట్ అంటే ఫోన్ సిస్టమ్ మీద పూర్తి అధికారం. అది కావాలంటే ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ చేయగానే సిస్టమ్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి. అన్‌లాక్ చేశారో, ఫోన్‌లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. బీరువా తాళం తీయగానే లోపలి సామాను మాయమైనట్టు! ఫోన్ కొట్టేసినవాడు అన్‌లాక్ చేసి మీ ఫొటోలు, మెసేజ్‌లు చూడకూడదనే ఈ ఏర్పాటు. కాబట్టి మొదటిసారి రోమ్ మార్చేవాళ్లకు రూట్ బ్యాకప్ అక్కరకు రాదు. ఒక కస్టమ్ రోమ్ నుంచి ఇంకోదానికి మారేవాళ్లకే ఆ సౌకర్యం.

కంప్యూటర్‌కు కేబుల్ పెట్టి ఏడీబీ అనే టూల్‌తో బ్యాకప్ తీసే పాత పద్ధతి మీద కూడా ఆశలు వద్దు. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి వెర్షన్ల కోసం తయారైన యాప్‌ల డేటాను అది తీసుకోవడం మానేసింది. ఏపీకే ఫైల్ (యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఒకటి కాపీ చేసి దాచుకోవడమూ పాతబడింది. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో చేరే కొత్త యాప్‌లు బండిల్ రూపంలో రావాలన్న నియమం ఉంది. అవి మీ ఫోన్‌కు తగ్గట్టు ముక్కలుగా దిగుతాయి. ఒక్క ముక్క కాపీ చేస్తే ఇన్‌స్టాల్ కాకపోవచ్చు.

మరి ఏం చేయాలి? అసలు యాప్ పోతుందన్న టెన్షన్ వదిలేయండి, అది మళ్లీ దిగుతుంది. దాని డేటా ఎక్కడుందో చూసుకోండి. జీమెయిల్, స్విగ్గీ, ఫేస్‌బుక్ లాంటివాటికి డేటా సర్వర్‌లోనే ఉంటుంది, లాగిన్ అయితే చాలు. ఫోన్‌లో మాత్రమే ఉండేవాటికే మీ ఆదివారం కేటాయించండి.

మొదట వాట్సాప్. సెట్టింగ్స్‌లో ఒకసారి బ్యాకప్ నొక్కి, ఫోన్ స్టోరేజ్‌లో ఆండ్రాయిడ్ ఫోల్డర్, దానిలో మీడియా ఫోల్డర్ తెరిస్తే వాట్సాప్ పేరుతో ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. కొత్త రోమ్ వేశాక, వాట్సాప్‌ను తెరవకముందే ఆ ఫోల్డర్‌ను అదే చోట పెట్టాలి. తర్వాత పాత నంబర్‌తోనే వెరిఫై చేస్తే ‘రీస్టోర్ చేయమంటారా’ అని అదే అడుగుతుంది. గూగుల్ డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉంటే మంచిదే, కానీ ఉచితంగా వచ్చే 15 జీబీలోనే అదీ సర్దుకోవాలి. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ గానీ, 64 అంకెల కీ గానీ పెట్టుకుని ఉంటే దాన్ని కాగితం మీద రాసుకోండి. అది పోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు.

ఎస్సెమ్మెస్‌లు, కాల్ లిస్టు పోకూడదనుకుంటే వాటికోసమే ఉన్న బ్యాకప్ యాప్‌తో ఫైల్‌గా తీసి పెన్ డ్రైవ్‌లో వేసుకోండి. గూగుల్ బ్యాకప్ కూడా ఆన్ చేసి పెట్టండి, కానీ దాని మీదే భారం వేయకండి. ఒక్కో యాప్‌కు అది 25 ఎంబీ వరకే దాస్తుంది. వద్దని యాప్ తయారీదారు అనుకుంటే ఆ కాస్తా దాయదు.

అందరూ దెబ్బతినేది ఆథెంటికేటర్ దగ్గర. ఆరంకెల కోడ్‌లు ఇచ్చే ఆ యాప్‌ను ఇంట్లో ఇంకో ఫోన్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసి, అక్కడ కోడ్‌లు సరిగా వస్తున్నాయో లేదో చూశాకే ముందుకు కదలండి. గూగుల్ ఖాతాకు రెండంచెల భద్రత పెట్టుకున్నారా? అయితే ఇంకో చిక్కుంది. కొత్త రోమ్‌లో లాగిన్ అవుతుంటే ‘మీ ఫోన్‌లో ఎస్ నొక్కండి’ అంటుంది. ఏ ఫోన్? ఇప్పుడే తుడిచేసింది! గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను ముందే ప్రింట్ తీసుకోండి.

లీనియేజ్‌లో ప్లే స్టోర్ ఉండదు. గూగుల్ యాప్‌ల ప్యాకేజీని విడిగా వేసుకోవాలి. అదీ రోమ్ ఫ్లాష్ చేసిన (ఫోన్‌లోకి ఎక్కించిన) వెంటనే, ఫోన్ మొదటిసారి ఆన్ కాకముందే. మరిచిపోయి ఆన్ చేస్తే మళ్లీ ఫార్మాట్ తప్పదు. గూగుల్ వద్దనుకుంటే లీనియేజ్‌లోనే సీడ్‌వాల్ట్ అనే బ్యాకప్ ఉంది, పెన్ డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. అది ఇచ్చే 12 పదాల కోడ్ దాచుకుంటే వచ్చేసారి ఈ తిప్పలు సగం తగ్గుతాయి.

ప్రశ్న: నా ఫోన్‌కు ముందే రూట్ ఉంది. స్విఫ్ట్ బ్యాకప్ అనే యాప్‌తో సిస్టమ్ యాప్‌లతో సహా అన్నీ బ్యాకప్ తీసి, వేరే రోమ్ వేసి, అన్నీ రీస్టోర్ చేశాను. ఇప్పుడు డయలర్ తెరిస్తే ఆగిపోతోంది. బ్యాంకు యాప్ తెరుచుకుని వెంటనే మూసుకుంటోంది. యూపీఐ మళ్లీ రిజిస్టర్ చేయమంటోంది. ఎక్కడ తప్పు జరిగింది?
- ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: ‘అన్నీ’ అన్నచోటే. ఈ తప్పు నేనూ చేశాను, రెండుసార్లు చేశాను. సిస్టమ్ యాప్‌ల డేటా ఆ రోమ్‌కు తగ్గట్టు ఉంటుంది. ఒకరి చెప్పు ఇంకొకరి కాలికి తొడిగితే నడక ఎలా సాగుతుంది? మనం ఇన్‌స్టాల్ చేసుకున్న యాప్‌లనే డేటాతో రీస్టోర్ చేయాలి. డయలర్, సెట్టింగ్స్, లాంచర్ లాంటివాటి జోలికి వెళ్లకూడదు. ప్రస్తుతానికి డయలర్ డేటా క్లియర్ చేసి చూడండి. కుదరకపోతే కాంటాక్ట్‌లను ఫైల్‌గా తీసి భద్రపరిచి, ఫార్మాట్ కొట్టి, ఈసారి ఎంచి రీస్టోర్ చేయండి.

బ్యాంకు యాప్ సంగతి వేరు. అలాంటి యాప్‌లు తమ రహస్య కీని ఫోన్ హార్డ్‌వేర్‌లోనే భద్రపరుస్తాయి. అది బయటికి రాదు, కాబట్టి ఏ బ్యాకప్‌లోకీ ఎక్కదు. డేటా వచ్చి కీ రాకపోతే యాప్ గందరగోళపడుతుంది. దాన్ని తీసేసి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోండి. అప్పటికీ తెరుచుకోకపోతే ఫోన్ సిస్టమ్‌ను ఎవరైనా మార్చారా అని చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ తనిఖీలో మీ అన్‌లాక్ అయిన ఫోన్ తప్పిందని అర్థం. దాన్ని ఏమార్చే కిటుకులు తిరుగుతూనే ఉంటాయి. ఈ నెల పనిచేసింది వచ్చే నెల పనిచేయదు. జీతం పడే ఖాతాతో అలాంటి ఆటలు నేనైతే ఆడను.

యూపీఐకి భయం లేదు. మీ డబ్బు, పిన్ బ్యాంకు దగ్గరే ఉన్నాయి. మళ్లీ రిజిస్టర్ కావడానికి ఖాతాకు ఇచ్చిన నంబర్ సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి కాబట్టి సిమ్‌లో బ్యాలెన్స్ ఉంచుకోండి. కొత్త ఫోన్ అనుకుని మొదటి 24 గంటలు చెల్లింపు పరిమితి తగ్గించడం మామూలే, కాబట్టి అద్దె కట్టే రోజున ఈ పని పెట్టుకోకండి. నేనొక ఆదివారం పొద్దున్నే ఫ్లాష్ చేసి కిందికి దిగి, ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక గానీ జేబులో నోటు లేదని చూసుకోలేదు. ‘రేపివ్వు భాయ్’ అన్నాడు హోటల్ ఆయన.

ప్రశ్న: నాది శాంసంగ్. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసినా, తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ వేస్తే మళ్లీ మామూలైపోతుందా?
- గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సాఫ్ట్‌వేర్ మామూలవుతుంది, నాక్స్ (శాంసంగ్ భద్రతా వ్యవస్థ) కాదు. కస్టమ్ రోమ్ వేస్తే లోపల ఒక ఫ్యూజ్ ఎగిరిపోతుంది, దాన్ని తిరిగి పెట్టడం ఎవరివల్లా కాదు. ఆ తర్వాత సెక్యూర్ ఫోల్డర్, శాంసంగ్ వ్యాలెట్ మీ ఫోన్‌లో పనిచేయవు. సెక్యూర్ ఫోల్డర్‌లో ఏమైనా దాచి ఉంటే ముందు బయటికి తీసుకోండి. వాటితో రోజూ పని ఉంటే మాత్రం ఆ ఫోన్‌ను అలాగే ఉంచి, ఇంట్లో మూలపడిన పాత ఫోన్ మీద ప్రయోగం చేయండి.