రోడ్డున పడ్డ ఆడవాళ్లకు అద్దె ఇల్లు: తాళం చెవి ఇచ్చాక మొదలయ్యే పని

మానసిక జబ్బుతో ఏళ్లపాటు రోడ్ల మీద గడిపి, ఆసుపత్రిలో కోలుకున్నా తీసుకెళ్లేవాళ్లు లేక అక్కడే ఉండిపోయిన ఆడవాళ్ల కోసం మీ మహిళా సంఘం ఇల్లు తీసుకోవాలనుకుంటోంది, ఎలా మొదలుపెట్టాలని అడిగారు.

ముందు చెన్నైలో బానియన్ సంస్థ నడిపే 'హోమ్ అగైన్' పద్ధతి చూసి రండి. ఇలాంటి ఆడవాళ్ల కోసమే 1993లో వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్ పెట్టిన సంస్థ అది. మామూలు వీధిలో మామూలు ఇల్లు, అందులో నలుగురైదుగురు, తోడుగా సహాయకురాలు. యాభై మంచాల షెల్టర్‌లో వంట ఎవరో చేస్తారు, తలుపు ఎవరో తీస్తారు. అలాంటి చోట ఎన్నేళ్లున్నా మనిషి రోగిగానే మిగిలిపోతుంది.

ఆసుపత్రి పంపడానికి వెనకాడితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ రాసి అర్జీ పెట్టండి. ఇల్లు లేదనో, ఇంట్లోవాళ్లు వద్దన్నారనో ఎవరినీ అక్కడే ఉంచేయకూడదు.

అగ్రిమెంట్ సంఘం పేరున రాయించండి. ఉండబోయేది ఎవరో ఓనరుకు ముందే చెప్పండి, ఎవరికి ఏ జబ్బన్నది మాత్రం చెప్పక్కర్లేదు. ఉండబోయేది ఎవరో దాచిపెడితే పక్కింటివాళ్లు గొడవ చేసిన రోజే ఖాళీ చేయమంటారు. అద్దె, సరుకులు, సహాయకురాలి జీతం కలిపి ఆరు నెలలకు సరిపడా డబ్బు చేతిలో లేకుండా దిగొద్దు. ఎవరితో ఎవరు ఉండాలన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి.

మొదటి నెలే కష్టం. కొందరు గ్యాస్ స్టవ్ ముట్టించి ఏళ్లయి ఉంటుంది. నాబ్ తిప్పేసి లైటర్ కోసం వెతుకుతారు, ఈలోగా గ్యాస్ నిండిపోతుంది. లైటర్ చేతిలోకి తీసుకున్నాకే నాబ్ తిప్పడం, పడుకోబోయే ముందు రెగ్యులేటర్ కట్టేయడం రోజూ పక్కన నిలబడి చేయించాలి. వాళ్ల బదులు మీరు వండిపెట్టకండి.

మందుల దగ్గర అజాగ్రత్త పనికిరాదు. మూడ్ అదుపులో ఉంచే లిథియం వాడేవాళ్లకు మన ఎండాకాలం ప్రమాదం: ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు పెరిగిపోతుంది. చేతులు బాగా వణుకుతున్నా, నడక తూలుతున్నా మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కొనివ్వకండి, వాటితోనూ రక్తంలో లిథియం పెరిగిపోతుంది. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ మందు కొత్తగా మొదలైతే తొలి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష ఉంటుంది. ఆటో ఖర్చు బడ్జెట్‌లో వేసుకోండి.

కాగితాల్లో ముందు ఆధార్. కొత్త నమోదు తిరస్కరించారంటే చాలాసార్లు పాత ఆధార్ ఉందని అర్థం. దాని ఆధారంగా సొంత ఊరు తెలిసినవాళ్లు ఉన్నారు, కాబట్టి వదిలేయకుండా వెంటపడండి. తర్వాత వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛను: ఆంధ్రలో 2024 నుంచి 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016. ఆ డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి, కార్డు ఆమె దగ్గరే ఉండాలి. 'పోగొట్టుకుంటుంది' అని సంఘం బీరువాలో పెట్టేశారంటే ఆసుపత్రి నుంచి తెచ్చి ఏం ప్రయోజనం?

జబ్బు తిరగబెట్టి ఎవరైనా మళ్లీ ఆసుపత్రిలో చేరితే ఇంట్లో ఆమె మంచం ఇంకొకరికి ఇవ్వకండి. ఆ మాట ఇంట్లో అందరికీ మొదటిరోజే చెప్పండి. లేదంటే మంచం పోతుందన్న భయంతో నిద్ర పట్టడం లేదని, మాటలు వినిపిస్తున్నాయని చెప్పకుండా దాచేస్తారు.