అమెరికా షాపుల్లో బట్టల సబ్బుకు కూడా తాళం ఎందుకు?

టైడ్ లిక్విడ్, రేజర్ బ్లేడ్లు, పసిపిల్లల పాలపొడి లాంటివాటిని తిరిగి అమ్ముకోవడానికే ముఠాలు కట్టి ఎత్తుకుపోతున్నారు కాబట్టి అమెరికాలో చాలా షాపులు వాటికి తాళం వేస్తున్నాయి.

దొంగకు ఖరీదైన వస్తువు కన్నా వెంటనే డబ్బయ్యే వస్తువు ముద్దు. నగ అమ్మబోతే ఎక్కడిదని అడుగుతారు, సబ్బు డబ్బా గురించి ఎవరడుగుతారు? ఒకే రకం డబ్బాలన్నిటి మీదా బార్‌కోడ్ ఒకటే, కాబట్టి ఏ షాపులో పోయిందో తేల్చడం కష్టం. పైగా త్వరగా పాడవదు, ప్రతి ఇంటికీ కావాలి.

టైడ్ సంగతే చూడండి. 2012 ప్రాంతంలో దీని దొంగతనాలు అక్కడి పత్రికల్లో పెద్ద వార్త. షాపులో 20 డాలర్ల దాకా ఉండే పెద్ద డబ్బా బయట 5, 10 డాలర్లకు చేతులు మారేది. కొన్నిచోట్ల డబ్బుకు బదులు గంజాయే ఇచ్చేవారు! ఎత్తేవాడు ఒకడు, చవగ్గా కొనేవాడు ఇంకొకడు. ఈ రెండోవాడు చిన్న దుకాణాలకో ఆన్‌లైన్‌లోనో అమ్మి అసలు లాభం తింటాడు. అందుకే ఆన్‌లైన్ మార్కెట్లు పెద్ద ఎత్తున అమ్మేవాళ్ల వివరాలు సరిచూడాలనే ఫెడరల్ చట్టం 2023 జూన్‌లో అమల్లోకి వచ్చింది.

కాలిఫోర్నియాలో 950 డాలర్ల లోపు దొంగతనం అసలు నేరమే కాదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 2014లో ఓటర్లు ఆమోదించిన చట్టం దాన్ని చిన్న నేరాల్లో చేర్చిందంతే, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. 2024లో దాన్ని ఇంకా బిగించారు: అంతకుముందు రెండుసార్లు దొంగతనానికి శిక్ష పడినవాళ్లు ఎంత చిన్న వస్తువు ఎత్తినా పెద్ద నేరంగా కేసు పెట్టొచ్చు.