ఇంట్లో పాలిష్ చేస్తే పెయింట్ వారంటీ పోతుందా?

ప్రశ్న: మా కారు కొని రెండేళ్లు దాటింది, వారంటీ మూడేళ్లు. గీతలు పోవాలని బానెట్‌కి ఇంట్లోనే మెషిన్‌తో కటింగ్ కాంపౌండ్ (పైపొరను కొద్దిగా అరగదీసే పేస్టు) పట్టించాను. అంచున ఒకచోట రంగు వెలిసిపోయింది. తర్వాత రూఫ్ మీద పైపొర పెచ్చులుగా లేచింది. రూఫ్‌ని నేను ముట్టుకోలేదు. అయినా ‘మీరే పాలిష్ చేశారు, వారంటీ వర్తించదు’ అంటున్నారు డీలర్ వాళ్లు. కేసు వేయవచ్చా? ఈలోగా రూఫ్‌కి నల్లరంగు వేయిస్తే తప్పా?

జవాబు: వేయవచ్చు, రూఫ్ వరకే. బానెట్ అంచును ఫిర్యాదులో కలపకండి. అది మీ చేతిపనే అని తేలడం చాలా సులువు. ఆ ఒక్కటి తేలితే రూఫ్ మీద మీ మాటకూ విలువ తగ్గుతుంది.

ఈ రెండు నష్టాలూ చూడగానే వేరుగా కనిపిస్తాయి. కంపెనీ పెయింట్ మొత్తం మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు), అందులో క్లియర్ కోట్, అంటే రంగు మీది పారదర్శక పైపొర, 35 నుంచి 50. అంచుల్లో పొర పలచన, అక్కడే మెషిన్ ప్యాడ్ ఒత్తిడీ వేడీ ఎక్కువ. అందుకే కాంపౌండ్‌తో అరిగిన చోటు నునుపుగా, మెరుపు చచ్చి, చుట్టూ ఉన్న పెయింట్‌లోకి క్రమంగా కలిసిపోతుంది. క్లియర్ కోట్ పట్టు వదిలితే అలా ఉండదు: పొర అంచు మెట్టులా తెగి, గోరు తగిలితే పెచ్చు లేస్తుంది. మీరు చెప్పిన రూఫ్ లక్షణం ఈ రెండోదే.

కాబట్టి ముందుగా పెయింట్ మందం కొలిచే థిక్‌నెస్ మీటర్‌తో రూఫ్, బానెట్, తలుపుల మీద రీడింగులు తీయించి, తేదీతో రాయించుకోండి. ఊడని చోట రూఫ్ రీడింగు తలుపులతో సరిపోలితే, దాన్ని ఎవరూ అరగదీయలేదనడానికి అది గట్టి ఆధారం. ఎక్కడైనా 200 మైక్రాన్లు దాటితే ఆ ప్యానెల్‌కి మళ్లీ రంగు పడిందని అనుమానిస్తారు. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఫొటోలు తీసిన ఫోన్‌లోనే అసలు ఫైళ్లు ఉంచండి. లేచిన పెచ్చులు పీకకండి, వ్యాక్స్ కూడా పట్టించకండి.

తిరస్కరణ నోటిమాటగా ఉంటే ఒప్పుకోవద్దు. ఏ వారంటీ షరతు కింద, రూఫ్ మీద ఏ పరీక్ష చేసి నిరాకరించారో రాతపూర్వకంగా అడగండి. బానెట్ పాలిష్‌కీ రూఫ్ ఊడడానికీ సంబంధం చూపమనడమే మీ వాదనకు ప్రాణం. వారంటీ పుస్తకంలోని మినహాయింపులు మాత్రం ఒకసారి పూర్తిగా చదవండి. పక్షి రెట్టలు, రసాయనాల మరకలు దాదాపు అన్నిటిలోనూ మినహాయింపే.

జవాబు రాకపోతే తయారీ కంపెనీ, డీలర్ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయండి. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు. మీ కారు ధర అంతకు మించితే కొద్దిపాటి ఫీజు ఉంటుంది. లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే కమిషన్ 38వ సెక్షన్ కింద ల్యాబ్‌కి పంపవచ్చు, ఆ ఖర్చు ముందుగా మీరు డిపాజిట్ చేయాలి. గడువు రెండేళ్లు. పెచ్చు మొదట కనిపించిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి, ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే అది పెరగదు. కొత్త కారు మాత్రం అడగకండి: 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీ అంటే లోపమున్న భాగం మార్చడమే, కారు మొత్తం మార్చడం కాదని చెప్పింది. రూఫ్‌కి పూర్తి రీపెయింట్, దానితోపాటు ఖర్చులు అడిగితే చాలు.

ఇక నల్లరంగు. ఇప్పుడు వేయిస్తే మీ సాక్ష్యాన్ని మీరే చెరిపేసినట్టు. కేసు తేలాక వేయించినా, ఆర్‌సీలో రాసిన రంగుకు తేడా వస్తుంది గనక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ముందుగా ఆర్టీవో అనుమతి తీసుకుని ఆర్‌సీలో నమోదు చేయించాలి. పాత రంగు కోడ్‌తోనే వేయిస్తే ఈ తిప్పలుండవు.