చర్మం గుండా ఎంత వెళ్తుందో కొలవడం ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అమ్మాయి గుంటూరులో బీఫార్మసీ మూడో సంవత్సరం చదువుతోంది. క్రీములు, షాంపూలు, సన్‌స్క్రీన్లలో ఉండే రసాయనాలు చర్మం గుండా ఒంట్లోకి ఎంత వెళ్తాయో కొలిచే పని మీద మనసు పడింది. పైచదువు కూడా అందులోనే అంటోంది. ఉద్యోగాల వెబ్‌సైట్లలో వెతికితే అలాంటి పని ఒక్కటీ కనిపించలేదు. తెలిసినవాళ్లు మెడికల్ కోడింగ్ నేర్పించమంటున్నారు, లేదా అప్పు చేసి అమెరికాలో ఎంఎస్‌కి పంపమంటున్నారు. వాళ్లమ్మకేమో రోజూ రసాయనాలతో పని అంటే భయం. ఏం చేయమంటారు?

జవాబు: ఇది ఉద్యోగమే. మన హైదరాబాద్‌లోనే ఉంది. మీకు కనిపించకపోవడానికి కారణం, ప్రకటనల్లో ఆ పేరుతో రాయకపోవడం. ‘టాపికల్ ఫార్ములేషన్స్’, ‘ఐవీపీటీ’, ‘ఐవీఆర్‌టీ’, ‘బయోఅనలిటికల్’ అనే మాటలతో వెతకమనండి. ఐవీఆర్‌టీ అంటే ఇన్ విట్రో రిలీజ్ టెస్ట్, క్రీములోంచి మందు ఎంత వేగంగా బయటికి వస్తుందో చూసేది. ఐవీపీటీ అంటే ఇన్ విట్రో పర్మియేషన్ టెస్ట్, చర్మం గుండా ఎంత వెళ్లిందో ల్యాబులో కొలిచేది. మీ అమ్మాయి చేయాలనుకుంటున్నది అచ్చంగా ఆ పరీక్షే, కాకపోతే అక్కడ చర్మం మీద రాసేది షాంపూ కాదు, మందు క్రీము.

అసలు ఆ పని ఎలా ఉంటుందో ముందు వివరంగా చెప్తాను. మీ నిర్ణయం దాని మీదే ఆధారపడాలి.

ఫ్రాంజ్ సెల్ అని ఒక చిన్న గాజు పరికరం ఉంటుంది. థామస్ ఫ్రాంజ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1975లో ప్రచురించిన పరిశోధనతో అది ప్రసిద్ధమైంది. పైన ఒక అర, కింద ఒక అర, మధ్యలో మనిషి చర్మం ముక్క బిగిస్తారు. కింది అరలో రక్తానికి బదులుగా ఒక ద్రావణం నింపుతారు. అందులో చిన్న అయస్కాంతం తిరుగుతూ ఉంటుంది. చర్మం పైభాగం 32 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకుని, చదరపు సెంటీమీటరుకి కొన్ని మిల్లీగ్రాముల క్రీము రాస్తారు. ఆ తర్వాత ముందే నిర్ణయించిన వేళలకు కింది ద్రావణంలోంచి కొంచెం కొంచెం తీసి, అందులోకి ఎంత రసాయనం దిగిందో ఎల్‌సీ-ఎంఎస్ అనే, అతి తక్కువ మోతాదునైనా పట్టుకునే మెషీన్‌తో కొలుస్తారు. మామూలుగా ఇది 24 గంటల ప్రయోగం. అంటే రాత్రిపూట కూడా శాంపిల్ తీయాల్సి రావచ్చు. ఆటోమేటిక్ మెషీన్లు ఉన్న ల్యాబులు కొన్నే.

అసలు కష్టం 24 గంటలు గడిచాక మొదలవుతుంది. చర్మం మీద మిగిలిన క్రీము కడిగి, ఆ కడిగిన నీళ్లలో ఎంత ఉందో చూడాలి. జిగురు టేపు అంటించి పీకుతూ చర్మం పైపొరను పొర తర్వాత పొరగా తీసి, ఒక్కో టేపులో ఎంత ఉందో చూడాలి. మిగిలిన చర్మంలో ఎంత ఉందో కూడా చూడాలి. అన్నీ కలిపితే మొదట రాసినదానికి సమానం కావాలి. పరీక్షల పద్ధతులకు ప్రమాణాలు ఇచ్చే ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2004లో తెచ్చిన 428వ నంబరు మార్గదర్శకం ప్రకారం సగటున 100 శాతానికి పది అటూ ఇటూగా లెక్క తేలాలి. రాసిన వందలో డెబ్బయ్యే దొరికితే, ఆ ముప్పయ్యి గాజుకి అంటుకుందా, ఆవిరైపోయిందా, కొలతలో తేడా వచ్చిందా అని వెతుకుతూ కూర్చోవాలి. ఈ వెతుకులాటలో విసుగు రానివాళ్లకే ఈ రంగం. మీ అమ్మాయికి ప్రాక్టికల్స్‌లో లెక్క తప్పినప్పుడు ఏం చేస్తుందో అడగండి. ‘మళ్లీ మొదటినుంచి చూస్తాను’ అంటే మంచి సూచన.

ఇంకో ఇబ్బంది, మనిషికీ మనిషికీ చర్మం తేడా. ఒకే మనిషిలో కూడా ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్‌తో కొలిచినప్పుడు ముంజేతితో పోలిస్తే నుదుటి చర్మం గుండా దాదాపు ఆరు రెట్లు వెళ్లింది, అరికాలి గుండా ఏడో వంతే వెళ్లింది. అందుకే ఒక్క ముక్క మీద చేసి ఫలితం ఇవ్వరు. యూరప్‌లో సౌందర్య సాధనాల భద్రతను చూసే కమిటీ కనీసం నలుగురు దాతల నుంచి తీసుకున్న ఎనిమిది చర్మం ముక్కల ఫలితాలు ఉండాలంటుంది. ఆ చర్మం ఎక్కువగా పొట్ట తగ్గించే ఆపరేషన్ల వంటివాటిలో తీసేసినదే. పేషెంటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మనిషి చర్మంతో పని అంటే మీ ఇంట్లో ఎలా అనిపిస్తుందో ఇప్పుడే మాట్లాడుకోండి. కొందరికి అది పెద్ద విషయం కాదు, కొందరికి అలవాటు కాదు. రెండూ తప్పు కాదు.

ఇదంతా ఎందుకు కొలవాలి? మీ వైపు పొగాకు తోటల్లో మంచుకు తడిసిన ఆకు కోసినవాళ్లకు కళ్లు తిరగడం, వాంతులు, తలనొప్పి రావడం మీరు చూసే ఉంటారు. వాళ్లలో పొగ తాగే అలవాటు లేని ఆడవాళ్లు కూడా ఉంటారు. ఆకులోని నికోటిన్ తడిలో కరిగి చర్మం గుండా రక్తంలోకి వెళ్లడం వల్ల వచ్చే జబ్బు అది. గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అంటారు. పత్తికి మందు కొట్టే రైతుల ఒంట్లోకి పురుగుమందు వెళ్లే ముఖ్యమైన దారుల్లో చర్మం ఒకటి. 1972లో ఫ్రాన్స్‌లో పిల్లలకు వాడే ఒక టాల్కం పౌడర్‌లో పొరపాటున 6 శాతానికి పైగా హెక్సాక్లోరోఫీన్ కలిసింది. 36 మంది పసిపిల్లలు చనిపోయారు. అది వాళ్లు మింగింది కాదు, ఒంటికి రాసింది. ఈ చదువుకి విలువ లేదని ఎవరైనా అంటే నేను ఈ సంగతే చెప్తాను.

ఈమధ్య పరిశోధన కూడా చురుగ్గా సాగుతోంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 24 మందికి రోజుకు నాలుగుసార్ల చొప్పున నాలుగు రోజులు సన్‌స్క్రీన్ రాయించి రక్తం పరీక్షిస్తే, అందులోని నాలుగు రసాయనాలూ తాము పెట్టుకున్న మిల్లీలీటరుకి 0.5 నానోగ్రాముల గీతను దాటాయని 2019లో తేలింది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2024లో, ల్యాబులో పెంచిన మనిషి చర్మం నమూనాల మీద 17 రకాల పీఫాస్ రసాయనాలను పరీక్షించారు. నీళ్లకూ నూనెకూ అంటని పూతల్లో వాడే రసాయనాలు ఇవి. వాటిలో 15 చర్మంలోకి చెప్పుకోదగ్గ మోతాదులో వెళ్లాయి. అంతకుముందు ఇవి చర్మం దాటవని చాలామంది అనుకునేవారు.

ఇక్కడ మీ అమ్మాయికి ఒక మాట. ‘లోపలికి వెళ్లింది’ అనడం వేరు, ‘హాని చేసింది’ అనడం వేరు. ఆ సన్‌స్క్రీన్ ఫలితం వచ్చాక కూడా ఎఫ్‌డీఏ వాడకం మానమనలేదు, ఇంకా పరీక్షలు కావాలంది. యూట్యూబ్‌లో ఈ తేడా చెరిపేసి జనాన్ని భయపెట్టే వీడియోలు చాలా ఉన్నాయి. మీ అమ్మాయికి ఆసక్తి వాటి నుంచి పుట్టి ఉంటే తప్పేం లేదు, కానీ ఈ రంగంలో నిలబడాలంటే అంకె ఎంత చెప్తుందో అంతే చెప్పడం నేర్చుకోవాలి. అలాగే కొల్లాజెన్ క్రీము రాస్తే చర్మంలోకి దిగిపోతుందన్న ప్రకటన చూసినప్పుడు, అంత పెద్ద అణువు ఎలా దిగుతుందని అడగగలగాలి. అణుభారం 500 డాల్టన్లు దాటితే ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా వెళ్లడం చాలా కష్టమని ఈ రంగంలో అందరూ వాడే గుర్తు. కొల్లాజెన్ అణుభారం లక్షల్లో ఉంటుంది.

ఇక చదువు సంగతి. సౌందర్య సాధనాల భద్రత మీదే పనిచేసే ఉద్యోగాలు మన దగ్గర తక్కువ. జెనరిక్ మందుల వైపు ఎక్కువ. ఒక కంపెనీ క్రీముకి జెనరిక్ చేయాలంటే రెండూ సమానమని నిరూపించాలి. వందలమంది రోగుల మీద ట్రయల్ చేయడం చాలా ఖర్చు. అసైక్లోవిర్ లాంటి కొన్ని క్రీములకు దానికి బదులు ఇతర పరీక్షలతో పాటు ఈ చర్మం పరీక్షలను ఎఫ్‌డీఏ ఒప్పుకుంటోంది. వీటిని ఎలా చేయాలో చెప్పే ముసాయిదా మార్గదర్శకాలు 2022 అక్టోబరులో వచ్చాయి. కాబట్టి ఈ పని తెలిసినవాళ్లు జెనరిక్ కంపెనీలకు కావాలి. రెండుచోట్లా పరికరం ఒకటే, నైపుణ్యం ఒకటే. మందుల వైపు చేతిపని నేర్చుకుని, ఆ తర్వాత భద్రత వైపు వెళ్లడమే నాకు సరైన దారిగా కనిపిస్తోంది.

దానికి మొదటి మెట్టు జీప్యాట్ అనే జాతీయ స్థాయి ఎంఫార్మసీ అర్హత పరీక్ష. నాలుగో సంవత్సరంలో రాయొచ్చు. అర్హత సాధించి గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంఫార్మసీ చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ అనే జాతీయ ఫార్మసీ విద్యాసంస్థలో ఫార్మాస్యూటిక్స్, ఫార్మాస్యూటికల్ అనాలసిస్, రెగ్యులేటరీ టాక్సికాలజీ మూడూ ఉన్నాయి. అక్కడ సీటు రాకపోతే రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ ద్వారా మంచి కాలేజీ చూడండి. నా ఓటు ఫార్మాస్యూటిక్స్‌కి లేదా అనాలసిస్‌కి. టాక్సికాలజీ పేరు ఆమె ఆసక్తికి దగ్గరగా ఉంది కానీ, కొలవడం చేత్తో వచ్చాక ఆ విషయం తర్వాతైనా చదువుకోవచ్చు. పీహెచ్‌డీ దాకా వెళ్తానంటే లక్నోలోని సీఎస్‌ఐఆర్-ఐఐటీఆర్ టాక్సికాలజీకే ప్రత్యేకించిన సంస్థ. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 ఫెలోషిప్.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కన్నా ఒక ప్రశ్న ముఖ్యం: ఫ్రాంజ్ సెల్స్ ఎన్ని ఉన్నాయి, పోయినేడు వాటిని ఎవరు వాడారు? బీరువాలో పెట్టి తాళం వేసిన పరికరం ఉన్నా లేనట్టే. చాలా కాలేజీల్లో మనిషి చర్మం దొరకదు, పంది చెవి చర్మం మీద చేస్తారు. నేర్చుకోవడానికి అది చాలు, మనిషి చర్మానికి దగ్గరగానే ఉంటుంది. కానీ సెలోఫేన్ పొర మీద చేసి చర్మం ప్రయోగం అని థీసిస్‌లో రాసే చోటికి పంపకండి.

ఈ సెలవుల్లో ఖర్చు లేకుండా చేయగల పని ఒకటి ఉంది. 1992లో పాట్స్, గై అనే ఇద్దరు ఒక సూత్రం ఇచ్చారు. ఒక రసాయనం నీళ్లలో కన్నా నూనెలో ఎంత ఎక్కువ కరుగుతుంది, దాని అణుభారం ఎంత, ఈ రెండు తెలిస్తే అది చర్మం దాటే వేగాన్ని అంచనా వేయొచ్చు. బాత్‌రూమ్‌లోని సీసాల మీద ఉన్న పేర్లలోంచి ఓ పదింటిని తీసుకుని లెక్క కట్టమనండి, ఆ తర్వాత కొలిచిన విలువలు వెతికి పక్కన పెట్టమనండి. తేడా ఎక్కడ వచ్చిందో, ఎందుకొచ్చిందో రెండు పేజీలు రాస్తే, ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు దాన్ని జతచేయొచ్చు.

వాళ్లమ్మగారి భయాన్ని కొట్టిపారేయలేను. 1996లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ ప్రొఫెసర్ కరెన్ వెటర్‌హాన్ చేతి గ్లవ్ మీద డైమిథైల్ మెర్క్యురీ చుక్కలు కొన్ని పడ్డాయి. అది లాటెక్స్ గ్లవ్‌ను సెకన్లలోనే దాటిపోయింది. మరుసటి ఏడాది ఆమె చనిపోయారు. అలాంటి పదార్థం మామూలు క్రీముల ల్యాబులో ఉండదు. అక్కడ చేతిలో ఉండేది మిల్లీగ్రాముల మందు. జాగ్రత్త ఎక్కువ కావాల్సింది మనిషి కణజాలంతో. చేరే ముందే హెపటైటిస్-బి టీకా వేయించండి. ఏ రసాయనానికి ఏ గ్లవ్ వాడాలో రాసి ఉన్న పట్టిక ల్యాబులో ఉందా అని మొదటి రోజే చూసుకోమనండి. అడిగితే విసుక్కునే గైడ్ దగ్గర చేరనివ్వకండి.

మెడికల్ కోడింగ్ గౌరవమైన పనే, కానీ ఆమె అడిగింది అది కాదు. ఈ చర్మం పరీక్షల పనిలో జీతం మొదట్లో ఐటీ పిల్లలకన్నా తక్కువే ఉంటుంది, అది ముందే తెలిసి ఉండాలి. అమెరికా ఎంఎస్‌కి ఇప్పుడు అప్పు చేయొద్దు. ఇక్కడ ఎంఫార్మసీ చేసి, ఒకటి రెండేళ్లు ఐవీపీటీ చేసిన అనుభవంతో పీహెచ్‌డీకి అప్లై చేస్తే, అక్కడ చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి అసిస్టెంట్‌షిప్ ఇస్తాయి. బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం, సిన్సినాటి విశ్వవిద్యాలయం చర్మం పరిశోధనలో పేరున్నవి. వెళ్లాలనిపిస్తే అప్పుడు పంపండి. ఈలోగా మీ పొలం పత్రాలు బ్యాంకులో పెట్టాల్సిన అవసరం లేదు.